అధిక్షేపమంతా ధిక్కారమేనా? – గిల్రే చిత్రించిన బోనపార్టే

పాలకుణ్ణి పరిహసించిన ప్రతి రచననూ, ప్రతి చిత్రాన్నీ ధిక్కార కళగా పరిగణించడం విమర్శలో అలవాటుగా మారింది. లండన్ వ్యంగ్యచిత్రకారుడు జేమ్స్ గిల్రే 1800 మే నెలలో వెలువరించిన ముద్రణచిత్రం ముందు ఈ అలవాటు నిలవదు.

బోనపార్టే ఎదుగుదలను గిల్రే అందులో ఎనిమిది ఘట్టాలుగా చూపాడు. ఈజిప్టులో సైన్యాన్ని విడిచి వెళ్లడం, 1799 నవంబరులో ఆయుధబలంతో అధికారాన్ని హస్తగతం చేసుకోవడం నిందార్హమైన చర్యలే. అయితే తొలి ఘట్టం కోర్సికాలో అతని కుటుంబపు దారిద్ర్యం. బాల్యంలోని పేదరికాన్ని చూపి నవ్వించడంలో అధికార విమర్శ ఎక్కడుంది? పైగా ఆ కుటుంబం నిజానికి చిన్నపాటి కులీన కుటుంబం. చిత్రం పేరు ‘ప్రజాస్వామ్యం’ అన్న మాటతో మొదలవుతుంది. గద్దెను ఆక్రమించడంతో పాటు కింది నుంచి పైకి రావడం కూడా నేరమేనన్నది దాని ధ్వని.

గిల్రే తమ రాజు మూడవ జార్జినీ, ప్రధాని పిట్‌నూ పరిహసించాడు కదా అనే ఆక్షేపణ సమంజసమే. కాని 1797 నుంచి అతడు ప్రభుత్వ పింఛను రహస్యంగా అందుకున్నాడన్న విషయాన్నీ దానితో కలిపి చదవాలి. 1800 నాటి చిత్రం ఆ పింఛను కాలంలోనిదే.

నవ్వు ఎవరి మీద, ఎవరి సొమ్ముతో, ఎవరి మెప్పుకోసం అన్న ప్రశ్నలు వేయకుండా ధిక్కారమనే బిరుదు ఇవ్వరాదు. ప్రభువుల లోభాన్ని నిందించే పద్యాల సరసనే పుట్టుకను నిందించే పద్యాలున్న తెలుగు అధిక్షేప శతకాలకూ ఈ పరీక్ష తప్పదు.