ఎవరి కంచానికి ఎవరి కాపలా

తద్దినం వంటలో మిరపకాయ పడదు. కారం కావాలంటే మిరియాలే. బంగాళాదుంప, టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆ రోజు గడప దాటి లోపలికి రావు. అరటికాయ, కంద, చామదుంప, కాకరకాయ, పెసరపప్పు, మినప గారెలు, నువ్వులు, నెయ్యి, బెల్లం: ఇంటింటికీ కొంచెం తేడా ఉన్నా వంటల వరస దాదాపు ఇదే. మిరపకాయ ఎందుకు వద్దని పిల్లలెవరైనా అడిగితే పెద్దవాళ్లు చెప్పేది ఒక్కటే: పితృదేవతలకు పనికిరాదు.

పనికిరాకపోవడానికి కారణం మిరపకాయలో లేదు, చరిత్రలో ఉంది. మిరప, టమాటా, బంగాళాదుంప అమెరికా ఖండాల్లో పుట్టిన పంటలు. వాస్కో డ గామా 1498లో కోళికోడ్ తీరం చేరిన తర్వాత పోర్చుగీసు ఓడల మీద మిరప ఈ దేశానికి వచ్చింది. కాకతీయుల కాలంలో ఓరుగల్లులో ఎవరూ మిరపకాయ కొరకలేదు. వాళ్ల కారం మిరియం, అల్లం, పిప్పలి. కాలీఫ్లవర్ ఇంకా కొత్తది, 19వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు తెచ్చింది. తద్దినం వంట ఇవేవీ రాకముందే స్థిరపడింది. తర్వాత వచ్చినవాటిని రానివ్వలేదు. ఐదు వందల ఏళ్ల కిందట మన పొయ్యి మీద ఏం ఉడికేదో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి ఆధారం దొరకదు. ఆ విలువను నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. తాతముత్తాతలు తిన్నదే వాళ్ల పేరు మీద వండుకోవడంలో ప్రేమ ఉంది. నేను ఒప్పుకోనిది మిరపకాయలో ఏదో దోషం ఉందన్న మాటను.

ఇదే ఇంట్లో శివరాత్రి వస్తుంది, ఏకాదశి వస్తుంది. అన్నం ముట్టకూడదు. బదులుగా చిలగడదుంపలు ఉడకబెడతారు, సగ్గుబియ్యం కాస్తారు, పల్లీలు వేయిస్తారు. చిలగడదుంప అమెరికాది. వేరుశనగ దక్షిణ అమెరికాది. మన మార్కెట్లో దొరికే సగ్గుబియ్యం కర్రపెండలం పిండితో చేసింది. ఆ దుంపా దక్షిణ అమెరికాదే. తిరువాన్కూరును 1880 నుంచి 1885 వరకు పాలించిన విశాఖం తిరునాళ్ మహారాజు పేదల ఆకలి తీర్చడానికి దాని సాగును ప్రోత్సహించాడు. దాని పిండితో సగ్గుబియ్యం చేసే పరిశ్రమ 1940లలో సేలంలో మొదలైంది. అంటే మనం అనాదిగా వస్తున్నదనుకునే ఈ ఉపవాసపు సగ్గుబియ్యం తయారీకి మన దేశంలో నూరేళ్ల వయసు కూడా లేదు. ఇక నైవేద్యం పళ్లెంలో పెట్టే జామ, సపోటా, సీతాఫలం కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే.

వేల ఏళ్లుగా ఈ నేల మీద పండుతున్న వరి ఉపవాసం నాడు నిషిద్ధం. సముద్రాలు దాటి వచ్చిన దుంప పవిత్రం. అదే అమెరికా నుంచి వచ్చిన మిరప తద్దినం నాడు అపవిత్రం. ఈ మూడింటినీ నిలబెట్టే సూత్రం పంట పుట్టుకలో లేదు, పోషకాల్లో లేదు, శరీర ధర్మంలోనూ లేదు. ఏదో ఒక కాలంలో కొందరు మనుషులు తీసుకున్న నిర్ణయం మాత్రమే ఉంది. ఎందుకు తీసుకున్నారో మరిచిపోయాం, నిర్ణయాన్ని మాత్రం దైవాజ్ఞగా మోస్తున్నాం.

ఇంకా వెనక్కి వెళితే తద్దినం వంట కూడా ఎప్పుడూ ఒకేలా లేదని తెలుస్తుంది. మనుస్మృతి మూడో అధ్యాయం శ్రాద్ధంలో ఏం పెడితే పితరులు ఎంతకాలం తృప్తి పడతారో లెక్క చెబుతుంది. చేపలతో రెండు నెలలు, లేడి మాంసంతో మూడు నెలలు అంటూ ఆ లెక్క సాగుతుంది. ఈ రోజు ఏ పురోహితుడైనా ఆ శ్లోకాలు చదివి వంట పురమాయిస్తాడా? సంప్రదాయం మారదని వాదించేవాళ్ల గ్రంథాల్లోనే సంప్రదాయం మారిన జాడలున్నాయి.

ఉల్లి, వెల్లుల్లి సంగతి దీనికి భిన్నం. అవి కొత్తగా వచ్చినవి కావు, తద్దినానికి మాత్రమే పనికిరానివీ కావు. వాటిని తామసికమంటారు, ఆ మాటకు భగవద్గీతను సాక్ష్యం తెస్తారు. గీత పదిహేడో అధ్యాయంలో ఆహారాన్ని మూడు రకాలుగా విడదీసిన మాట నిజమే. అక్కడ ఉల్లి పేరు లేదు, వెల్లుల్లి పేరూ లేదు. ఉన్నవి గుణాలు. మితిమీరిన చేదు, పులుపు, ఉప్పు, వేడి, కారం, మంట పుట్టించేవి రాజసం. వండి జాము దాటినవి, రుచి పోయినవి, రాత్రి నిలవున్నవి, ఎంగిలివి తామసం. ఈ కొలతను నిజాయితీగా పెడితే ఆవకాయ మొదటి ముద్దకే రాజసం అవుతుంది. పొలానికి వెళ్లే కూలీ పొద్దున్నే తినే చద్దన్నం తామసం అవుతుంది. ఆవకాయ జాడీని ఎవరూ బయట పెట్టలేదు. ఉల్లి, వెల్లుల్లిని పేరు పెట్టి ద్విజులకు నిషేధించింది మనుస్మృతి ఐదో అధ్యాయం. పుట్టగొడుగుల్నీ వాటితో కలిపి నిషేధించింది. కొన్ని చేపల్నీ, యజ్ఞంలో ప్రోక్షించిన మాంసాన్నీ తినవచ్చన్నది కూడా అదే అధ్యాయం. మరోవైపు చరకుడు వెల్లుల్లిని మందుగా చెప్పాడు, మాంసాలను వర్గాలుగా విడదీసి ఒక్కోదాని గుణాలు వివరించాడు. వైద్యుడు మనిషి ఒంటిని చూశాడు, స్మృతికారుడు మనిషి వర్ణాన్ని చూశాడు. మనం రెండోవాడి మాట పట్టుకున్నాం.

ఇక ప్యాకెట్ల మీద శాకాహారానికి గుర్తుగా వేసే పచ్చచుక్క దగ్గరికి వద్దాం. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 నిబంధనల్లో మాంసాహారానికి నిర్వచనం ఉంది. జంతువు, పక్షి, చేప, గుడ్డు, జంతువు నుంచి వచ్చిన ఏ పదార్థం ఉన్నా అది మాంసాహారమే. వెంటనే మినహాయింపులు వస్తాయి: పాలు, పాల పదార్థాలు, తేనె, తేనెమైనం, లక్క. లక్క ఒక పురుగు స్రవించేది. మిఠాయిలకు, మాత్రలకు మెరుపు పూతగా వాడతారు. ఇవి జంతువుల నుంచి వచ్చినవి కావని చట్టం అనలేదు. వచ్చినా లెక్కలోకి తీసుకోవద్దంది. ప్రకృతిలో లేని గీతను చట్టం గీసింది. వినియోగదారుడికి తను తినేదేమిటో తెలియాలి, అందుకు గుర్తు కావాలి, నాకు అభ్యంతరం లేదు. ఆ గుర్తు చూసి పచ్చచుక్క ఉన్నది శుద్ధమనీ లేనిది మైల అనీ పిల్లలు నేర్చుకోవడమే నన్ను బాధిస్తుంది.

గుడ్డు ఆ గీతకు అవతల పడింది, పాలు ఇవతల పడ్డాయి. ఈ రెండూ ఎలా వస్తాయో చూద్దాం. తణుకు చుట్టుపక్కల లేయర్ ఫారాల్లో పుంజులుండవు. పెట్ట దాదాపు ఇరవై వారాల వయసులో పుంజు పొత్తు లేకుండానే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. ఆ గుడ్డులో పిల్ల లేదు, పొదిగినా రాదు. దాన్ని తింటే ఏ ప్రాణమూ పోదు. గేదె అలా కాదు. చూడి కట్టి, ఈనితే తప్ప చుక్క పాలివ్వదు. ఆ పాలు దూడ కోసం వచ్చినవి.

వ్యాపారంలో రెండు చోట్లా హింస ఉంది. లేయర్ జాతి హేచరీల్లో మగ పిల్లలను పుట్టిన రోజే చంపేస్తారు. పాడిలో మగ దూడకు కడుపు నిండా పాలు దొరకవు. చాలావాటి దారి ఆకలికో కబేళాకో పోతుంది. వీటిని చూసి మనసు కలత చెంది ఒక మనిషి గుడ్డు మానితే నాకు ఆయన మీద గౌరవం. ఆయన పాలు కూడా మానితే ఆ గౌరవం ఇంకా పెరుగుతుంది. అహింస ఒక వాదం. దాన్ని పరీక్షించవచ్చు, దాని వెంట ఎంతదూరమైనా నడవవచ్చు. మైల అలాంటిది కాదు. పాలు తాగుతూ గుడ్డును చూసి ముక్కు మూసుకునేవాళ్లు చెప్పేది అహింస పేరు, పాటించేది మైల.

మైల పదార్థం దగ్గర ఆగదు, తినేవాళ్ల మీదికి పోతుంది. పశువు చచ్చిపోతే ఊరికి దూరంగా లాగి, తోలు తీసి, ఆ మాంసంతో కడుపు నింపుకోమన్నది ఊరే. ఆ తిండి తిన్నారని వాళ్లను దూరం పెట్టిందీ ఊరే. గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న ఈ ముడిని అంబేద్కర్ 1948లో ఒక పుస్తకంలో పరిశీలించాడు. తెలుగు నేల మీద నాస్తిక ఉద్యమకారుడు గోరా ఆ ముడిని చేత్తో విప్పడానికి చూశాడు. ముదునూరులో పౌర్ణమి రాత్రులు అన్ని కులాలవాళ్లనూ కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టించాడు. 1972లో విజయవాడ నాస్తిక కేంద్రం ఆవుమాంసం, పందిమాంసం రెండూ వడ్డించి, రెండు వైపుల నిషేధాలనూ ఒకే బల్ల మీద ప్రశ్నించింది. అంత ధైర్యం ఇప్పుడు ఎంతమందికి ఉంది? 2015లో దాద్రీ దగ్గర ఒక ఊళ్లో గొడ్డుమాంసం తిన్నాడన్న పుకారు మీద మహమ్మద్ అఖ్లాక్‌ను గుంపు కొట్టి చంపింది. ఆ తర్వాత మాంసాన్ని ల్యాబ్‌కు పంపి అది ఏ జంతువుదో పరీక్ష చేయించారు. ఒకవేళ ఆవుదే అని తేలితే ఆ హత్య న్యాయమవుతుందా? ఆ పరీక్ష జరిగిందంటేనే ఈ దేశంలో చాలామంది మనసుల్లో అవుతుందన్నమాట. దీన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

చివరికి ఈ గీతలన్నీ వచ్చి పడేది బడి పిల్లల కంచంలో. 2001 నవంబర్‌లో సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ఒక గుడ్డులో ఆరు గ్రాముల మేలైన మాంసకృత్తులున్నాయి, కూరగాయల్లో దొరకని బి12 ఉంది. పెంకు ఉంది కాబట్టి కల్తీ చేయలేరు, నీళ్లు కలపలేరు, పిల్లవాడి వాటా సగానికి తగ్గించలేరు. పప్పునీ పాలనీ పలుచన చేయవచ్చని మధ్యాహ్న భోజనం చూసిన ప్రతి తల్లికీ తెలుసు.

తమిళనాడు 1989లోనే గుడ్డు మొదలుపెట్టింది. మన రెండు రాష్ట్రాల్లోనూ పెడుతున్నారు. 2015లో మధ్యప్రదేశ్‌లో అంగన్‌వాడీలకు గుడ్డు ఇద్దామన్న ప్రతిపాదనను అప్పటి ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ఒప్పుకోలేదు. అక్కడ ఆకలితో ఉన్నవాళ్లలో ఆదివాసీ పిల్లలెక్కువ. వాళ్ల ఇళ్లలో కోడి ఉంది, చేప ఉంది. 2021లో కర్ణాటక గుడ్డు మొదలుపెడితే కొందరు మఠాధిపతులు రోడ్డెక్కారు. ఆ రాష్ట్రంలోనే అక్షయపాత్ర సంస్థ బడులకు ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం పంపుతుంది. ఆ సంస్థ వడ్డించే అన్నం విలువ నాకు తెలుసు. అయినా ప్రజల డబ్బుతో నడిచే పథకంలో వంటగది నడిపేవాళ్ల ఆచారం లక్షల మంది పిల్లల రుచిని నిర్ణయించకూడదు.

2014 నమూనా నమోదు సర్వేలో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలింది. మిగిలిన ఇద్దరి పిల్లలకు అరటిపండో పల్లీ చిక్కీనో ఇవ్వాలి, గౌరవంగా, అదే వరసలో కూర్చోబెట్టి ఇవ్వాలి. తొంభై ఎనిమిది మంది కంచంలోంచి గుడ్డు తీసే హక్కు ఆ ఇద్దరికి లేదు, మఠానికి లేదు, ముఖ్యమంత్రికి లేదు. ఖర్చు సాకుతోనూ గుడ్డు మాయం కాకూడదు. గుడ్డు ధర పెరిగిన నెలలో బడిలో వారానికి ఎన్ని పెట్టారో తల్లిదండ్రులు వెళ్లి అడగాలి. మైల పేరు చెప్పి తీసేసినా, ప్రభుత్వం నుంచి బిల్లు రాలేదని చెప్పి తీసేసినా పిల్లవాడికి తగ్గేది ఆ ఆరు గ్రాములే.