గర్భసంచి తీసేయడమే వైద్యమా?

నెలసరిలో రక్తస్రావం ఎక్కువైందంటే మన పెద్దవాళ్ళు తరచూ చెప్పే మాట ఒకటుంది: "పిల్లలు పుట్టేశారుగా, ఆ సంచి కాస్తా తీయించేసుకుంటే పీడా పోతుంది." ఈ సలహా ఫోన్లలో మెల్బోర్న్, సిడ్నీ దాకా వస్తోంది. సెలవులకి ఇండియా వెళ్ళినప్పుడు ఆ పని కూడా చేయించుకుని వద్దామని ఆలోచించేవారూ ఉన్నారు. కాబట్టి అక్కడి పరిస్థితీ ఇక్కడి పద్ధతీ పక్కపక్కన పెట్టి చూడటం మంచిది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్ లో 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం. ఇంత తేడాకి జబ్బులే కారణమంటే నమ్మడం కష్టం. బీహార్, ఛత్తీస్ గఢ్, రాజస్థాన్ లలో జరిగిన అనవసర ఆపరేషన్ల మీద వేసిన కేసులో 2023 ఏప్రిల్ లో సుప్రీంకోర్టు, వీటిని అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని అన్ని రాష్ట్రాలనీ ఆదేశించింది.

ఆస్ట్రేలియాలోనూ ఈ బాధ ప్రతి నలుగురిలో ఒకరికి ఉంది. ఇక్కడి సేఫ్టీ అండ్ క్వాలిటీ కమిషన్ 2017లో ఇందుకు ప్రమాణాలు ప్రకటించి, 2024లో సవరించింది. వాటి సారాంశం ఇది: ముందు కారణం వెతకాలి, ఐరన్ లోపం చూడాలి, అవసరమైతే స్కాన్ తీయాలి. తర్వాత మందులు, లేదా మిరీనా వంటి హార్మోన్ లూప్. వీటితో గుణం కనిపించకపోతేనో, అవి సరిపడకపోతేనో ఆపరేషన్ మాట. నిర్ణయం మాత్రం అన్నీ తెలుసుకున్న ఆ మహిళదే.

అసలు రక్తస్రావం జబ్బు కాదు, జబ్బుకి గుర్తు. అంతర్జాతీయ వైద్యసంఘం ఫిగో 2011లో దాని కారణాలను తొమ్మిది రకాలుగా విభజించింది. పాలిప్స్, ఫైబ్రాయిడ్లు, అడినోమయోసిస్, కేన్సర్ వంటివి స్కాన్ లోనో బయాప్సీలోనో తెలుస్తాయి. రక్తం గడ్డకట్టడంలో లోపం, అండం సరిగా విడుదల కాకపోవడం, రక్తాన్ని పలచబరిచే మందులు, కాపర్ లూప్ వంటివి అలా కనిపించవు. థైరాయిడ్ తేడా ఉంటే మందులతోనే సర్దుకోవచ్చు. పీసీఓఎస్, అధిక బరువు, షుగర్ ఉన్నవారికి గర్భసంచి పొర కేన్సర్ ప్రమాదం ఎక్కువ. వారు అశ్రద్ధ చేయకూడదు. చిన్న వయసులో గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు బలహీనపడతాయి, గుండెజబ్బు ముప్పూ పెరుగుతుంది.

ఇంకో ముఖ్య విషయం. మనల్ని చూడటానికి వచ్చే అమ్మలకీ అత్తయ్యలకీ మెడికేర్ ఉండదు. విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావరకు పాత జబ్బులకి వర్తించవు. పిల్లలకి ఖర్చని, చెప్పుకోవడానికి సిగ్గని వాళ్ళు దాచిపెట్టే అవకాశం ఎక్కువ. కానీ ముట్లుడిగి ఏడాది దాటాక కనిపించే రక్తం ఒక్క చుక్కైనా డాక్టరుకి చూపించాల్సిందే. చాలామందిలో కారణం చిన్నదే అయినా, కేన్సరైతే మొదట్లోనే పట్టుకుంటే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ.

గంటా రెండు గంటలకో పేడ్ మార్చాల్సి వస్తున్నా, ఎనిమిది రోజులు దాటుతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా జీపీ దగ్గరికి వెళ్ళండి. ఎవరైనా ఆపరేషన్ అంటే "కారణమేమిటి? వేరే దారి ఉందా?" అని అడగండి. జవాబు తృప్తిగా లేకపోతే రెండో డాక్టరుని సంప్రదించండి. మగవారు కూడా ఇంట్లో ఈ మాట ఎత్తితే సగం మొహమాటం అక్కడే పోతుంది.