కొండెక్కాలా... చుట్టూ తిరగాలా?

ఆఫీసుకు సైకిల్ మీద వెళ్లాలని నిర్ణయించుకున్నవారికి మొదటి వారంలోనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. దగ్గరి దారిలో ఎత్తు. చదును దారిలో దూరం. రెంటిలో ఏది మేలు?

విశాఖపట్నం వాసులకు ఇది రోజూ ఉండే సమస్యే. బీచ్‌రోడ్డు మీద సైకిల్ హాయిగా సాగిపోతుంది. అక్కడి నుంచి సిరిపురం వైపు తిరిగితే మాత్రం ఎత్తు మొదలవుతుంది. ఇలాంటి రోడ్లను ఆ ఊళ్లో ‘డౌన్’ అంటారు. పాండురంగపురం డౌన్ అలాంటిదే. పేరులో దిగడమే ఉంది గానీ కింది నుంచి వచ్చే సైకిల్‌కు అది ఎక్కడమే! హైదరాబాదులో బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు వెళ్లేవారిదీ ఇదే కథ. కోనసీమలో అయితే ఏటిగట్టో, కాలువ మీద వంతెనో తప్ప వేరే ఎత్తు కనపడదు.

లెక్క చూస్తే...

కొండెక్కితే బోలెడు కెలోరీలు ఖర్చవుతాయని చాలామంది ఆశ. మనిషి, సైకిల్, సంచీ కలిపి 90 కిలోలు అనుకుంటే, 30 మీటర్ల ఎత్తు ఎక్కడానికి అదనంగా ఖర్చయ్యేది సుమారు 25 నుంచి 30 కెలోరీలే. పదంతస్తుల మేడంత ఎత్తు ఎక్కినా ఒక్క బిస్కెట్టుతో చెల్లు! చదును దారిలో మరో రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్లినా దాదాపు అంతే ఖర్చవుతుంది. కాబట్టి బరువు తగ్గడం కోసమే అయితే ఎత్తెక్కి తీరాలన్న పట్టుదల అక్కర్లేదు.

ఎత్తు వల్ల అసలు లాభం గుండెకు. చదును రోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లేటప్పుడు కాళ్లు సుమారు 45 నుంచి 50 వాట్ల శక్తి ఇస్తే చాలు. వంద మీటర్లకు అయిదు మీటర్ల చొప్పున లేచే రోడ్డు మీద గంటకు పది కిలోమీటర్లతో వెళ్లాలన్నా 140 వాట్లు కావాలి. దాదాపు మూడింతలు! రెండు మూడు మాటలకే ఆయాసం వచ్చేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అవసరం. తీవ్రమైన వ్యాయామమైతే 75 నుంచి 150 నిమిషాలు చాలు. అంటే ఆయాసం తెప్పించే ఒక నిమిషం మామూలు రెండు నిమిషాలతో సమానం. అంతకుముందు ఒక విడతలో కనీసం పది నిమిషాలు చేస్తేనే లెక్క అనేవారు. 2020లో ఆ షరతూ పోయింది. ఆఫీసు దారిలోని నాలుగు నిమిషాల ఎత్తు కూడా ఇప్పుడు ఖాతాలో పడుతుందన్నమాట.

పొద్దున చుట్టు... సాయంత్రం గుట్ట

చదునులో వెళ్లేటప్పుడు తగిలే గాలి చెమటను ఆరబెడుతుంది. ఎత్తులో వేగం తగ్గుతుంది, గాలీ తగ్గుతుంది, ఒంట్లో వేడి మాత్రం పెరుగుతుంది. దానికి తీరప్రాంతపు ఉక్క తోడైతే చొక్కా తడిసి ముద్దవుతుంది. అందుకే ఉదయం చుట్టుదారి, సాయంత్రం ఎత్తుదారి మంచి పద్ధతి. ఇంటికి చేరాక ఎలాగూ స్నానం ఉంటుంది. మొదట్లో వారానికి రెండు రోజులు ఎత్తెక్కితే చాలు. ఆఫీసే ఎత్తు మీద ఉంటే పది నిమిషాలు ముందు బయల్దేరి, కష్టమైన చోట దిగి నడిపించుకుంటూ వెళ్లొచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు.

కొండల ఊరైన శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్కెట్ స్ట్రీట్ నుంచి గోల్డెన్ గేట్ పార్కు వైపు వెళ్లే సైకిలిస్టులు నిటారు వీధులు తప్పించుకుంటూ వంకరటింకరగా సాగే మైలు దారిని పట్టుకున్నారు. దానికి ‘విగిల్’ అని పేరు కూడా ఉంది. నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో అయితే 1993లో ఏకంగా సైకిళ్ల కోసమే లిఫ్టు పెట్టారు. ఒక పాదం పలక మీద ఆనిస్తే అది సైకిల్‌తో సహా మనిషిని 130 మీటర్ల దూరం పైకి నెడుతుంది!

మోకాలి మాట వినాలి

టూర్ డి ఫ్రాన్స్ వీరులకే 1937 దాకా గేర్లు మార్చే పరికరం వాడటానికి అనుమతి లేదు. కొండ దగ్గర ఆగి, వెనక చక్రం ఊడదీసి తిప్పి బిగించుకునేవారు. గేర్లు లేని సైకిల్‌తో నిటారు రోడ్డు మీద బలవంతంగా తొక్కితే భారమంతా మోకాళ్ల మీద పడుతుంది. గేర్లున్న సైకిల్ అయితే ముందు చిన్న పళ్లచక్రం, వెనక పెద్దది ఎంచుకోవాలి. అదీ ఎత్తు మొదలవకముందే. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండేలా సీటు అమర్చుకుంటే నొప్పులు తక్కువ.

దిగేటప్పుడు ఆయాసం ఉండదు కానీ ప్రమాదం ఉంటుంది. హెల్మెట్ తప్పనిసరి. బ్రేకులు రెండూ కలిపి, ముందు నుంచే నెమ్మదిగా నొక్కాలి. వానలో చక్రం అంచు తడిస్తే బ్రేకు పట్టడానికి ఎక్కువ సమయం పడుతుంది. గుండె జబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే ఎత్తుల జోలికి వెళ్లాలి. ఎక్కుతుంటే ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉంటే వెంటనే ఆగిపోవాలి.

మొదటి రోజే పెద్ద ఎత్తెక్కి, ఒళ్లు నొప్పులతో సైకిల్‌ను వరండాలో చేరవేసేకన్నా చుట్టుదారిలో ఏడాదంతా తొక్కడమే ఆరోగ్యానికి మేలు. సైకిల్ కొండెక్కకపోయినా ఫర్వాలేదు... ఉత్సాహం కొండెక్కకుండా చూసుకుంటే చాలు!