సమీక్షలో సినిమా ఎక్కడ?

ఎయింట్ ఇట్ కూల్ న్యూస్ ప్రసక్తి వస్తే దాని పాత పాఠకులు సినిమాల పేర్లు చెప్పరు, మనుషుల పేర్లు చెబుతారు. హ్యారీ, మోరియార్టీ, క్వింట్, కేపోన్, మాసావిర్మ్, ఫాదర్ గీక్. ఎంత వింత మనుషులో, ఎంత సరదా మనుషులో అని మురిసిపోతారు. ఆ మురిపెంతోనే నా తగాదా. ఒక సమీక్షల సైటు గురించి ఇన్నేళ్ళ తర్వాత జ్ఞాపకం ఉండేవి సమీక్షకుల వేషాలే అయితే, అక్కడ విమర్శ పేరుతో నడిచినది పగటివేషమని అనుకోవలసి వస్తుంది.

కథ తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఆస్టిన్ నగరం. హ్యారీ నోల్స్ కుటుంబానిది పాత సినిమా పోస్టర్లూ, పుస్తకాలూ, బొమ్మలూ అమ్ముకునే వ్యాపారం. 1996లో ఆ సరుకు నింపిన తోపుబండి మీదికొచ్చి అతని వెన్ను దెబ్బతిన్నది. మంచాన పడ్డవాడు ఇంటర్నెట్‌కు అలవాటుపడి, ఆ ఏడాదే సొంత సైటు పెట్టాడు. దాని పేరు కూడా బ్రోకెన్ యారో సినిమాలో జాన్ ట్రవోల్టా పలికే మాటే. విడుదలకు ముందు స్టూడియోలు గుట్టుగా వేసుకునే పరీక్షా ప్రదర్శనలకు వెళ్ళినవారు తాము చూసినదాన్ని అతనికి రహస్యంగా రాసి పంపేవారు. 1997లో బ్యాట్‌మన్ అండ్ రాబిన్ అధ్వానంగా ఉందని ఈ వేగులు ముందే చాటారు. సినిమా దెబ్బతిన్నాక స్టూడియో వర్గాలు ఇంటర్నెట్‌ను ఆడిపోసుకున్నాయి. ఆ ఏడాదే, ఖర్చు చేయిదాటి, విడుదల వాయిదాపడి, పత్రికలు ముందుగానే సంతాపం రాసి పెట్టుకుంటున్న టైటానిక్‌ను చూసివచ్చినవారు అదే సైటులో మెచ్చుకున్నారు.

ఇది చిన్న పనేమీ కాదు. ప్రచార విభాగం చెప్పిన మాటే వార్తగా అచ్చయ్యే చోట, టిక్కెట్టు కొనే మనిషి మాటకు విలువ తెచ్చిన ఘనత ఆ సైటుదే. దాన్ని నేను కాదనను. అయితే ఆ ఘనత వేగులది. పేరూ ఊరూ లేకుండా, చూసినది చూసినట్టు రాసి పంపినవారిది. వారి భుజాలమీద ఎక్కి ఊరేగినవారు వేరు.

నోల్స్ సమీక్ష ఎలా ఉండేదో చూడండి. ఆ రోజు ఏం తిన్నాడు, ఎవరితో వెళ్ళాడు, వాళ్ళ నాన్న ఏమన్నాడు, చిన్నప్పుడు ఈ బొమ్మ కోసం ఎంత ఏడ్చాడు... ఇలా చాలా దూరం నడిచాక సినిమా వచ్చేది. ఒక్కొక్కసారి వచ్చేదే కాదు. 2002లో బ్లేడ్ 2 మీద అతను రాసిన సమీక్ష మొత్తం ఒక శృంగార చర్యతో పోలిక. సభ్యత కోసం వివరించను. అది దర్శకుడు గియెర్మో దెల్ తోరో పనితనం గురించి ఏమీ చెప్పదు, రాసినవాడి ఉద్రేకం గురించి అంతా చెబుతుంది. అభిమానులు దాన్ని నిజాయితీ అన్నారు. మనసులో ఉన్నదంతా కక్కడమే నిజాయితీ అయితే జ్వరంలో కలవరించేవాడిని మించిన విమర్శకుడు ఉండడు.

ఇక్కడొక చిక్కు ఉంది. సమీక్ష విలువ సినిమాను చూసే చూపులో ఉన్నప్పుడు దాన్ని కొనడం కష్టం, డబ్బు ఇవ్వాలి, ఇస్తే పట్టుబడతారు. అదే విలువ మనిషి వేషంలో ఉంటే, కొనక్కరలేదు. ఆ మనిషిని ఆప్యాయంగా పిలిస్తే చాలు. 1998లో గాడ్జిల్లా తొలి ప్రదర్శనకు నోల్స్‌ను న్యూయార్క్ రప్పించారు. ఇంచుమించు విమర్శకులందరూ చీల్చి చెండాడిన ఆ సినిమాను అతను మెచ్చుకున్నాడు. ఆ ఏడాదే రాబర్ట్ రోడ్రిగెజ్ తీసిన ది ఫ్యాకల్టీలో చిన్న వేషం వేశాడు. తర్వాత పారమౌంట్ సంస్థ ఎడ్గార్ రైస్ బరోస్ అంగారక కథలను తెరకెక్కించాలని తలపెట్టినప్పుడు నిర్మాతల జట్టులో చేరాడు. ఆ సంస్థ చేతిలో అది సినిమా కాలేదనుకోండి. నోల్స్ లంచం తిన్నాడని నేననడం లేదు. మెచ్చుకోలుకు పడిపోయే మనిషికి లంచంతో పని ఏమిటి?

విమర్శకుడు సినిమాల్లోకి వెళ్ళడం తప్పని కూడా నా వాదన కాదు. ముళ్ళపూడి వెంకటరమణ ఆంధ్రపత్రికలో సినిమా సమీక్షలు రాసినవారే. ఆ తర్వాత రక్తసంబంధం (1962) వంటి సినిమాలకు మాటలు రాశారు. మాసావిర్మ్ ముసుగు తీసి సి. రాబర్ట్ కార్గిల్‌గా సినిస్టర్ (2012), డాక్టర్ స్ట్రేంజ్ (2016) చిత్రాల రచనలో పాలుపంచుకున్నాడు. శుభం. ఒక గుమ్మం దాటి ఇంకో గుమ్మంలోకి వెళ్ళడం వేరు, రెండు గుమ్మాల మధ్య మంచం వేసుకుని పడుకోవడం వేరు.

మారుపేరే దోషమనేవారికి వెర్న్ ఉదాహరణ చాలు. అదే సైటులో రాశాడు, అదీ మారుపేరే, జైలునుంచి వచ్చిన మొరటు మనిషి వేషం. వాక్యాలు మోటుగా, బూతులతో ఉంటాయి. కానీ 2008లో అతను సీగలాలజీ అనే పుస్తకం వేశాడు. పెద్దమనుషులు పేరెత్తడానికే సిగ్గుపడే స్టీవెన్ సీగల్ పోరాట చిత్రాలను ఒక్కొక్కటిగా వరుసలో తీసుకుని, వాటిలో తిరిగి తిరిగి వచ్చే అంశాలను పట్టి చూపించాడు. తెరమీది కొట్లాటలో ఎవరు ఎవరిని ఎక్కడ కొడుతున్నారో చూసేవాడికి తెలుస్తున్నదా లేదా అని అడిగి, దానికొక కొలత పెట్టాడు. నవ్వులాటగా కనిపించే ఆ ప్రశ్న కూర్పు గురించి, కెమెరా స్థానం గురించి సూటి ప్రశ్న. వెర్న్ ముసుగు అతని ముఖాన్ని దాచి సినిమాను చూపించింది. హ్యారీ తన ముఖాన్నే చూపించి సినిమాను దాచాడు.

దాని పర్యవసానం సినిమాలతో ఆగలేదు. 2017 సెప్టెంబరులో ఒక మహిళ నోల్స్ తనతో లైంగికంగా అసభ్యంగా ప్రవర్తించాడని ఇండీవైర్‌కు చెప్పింది. వెంటనే మరికొందరు ముందుకొచ్చారు. అతను తొలుత తోసిపుచ్చాడు. ఆస్టిన్ సినీ విమర్శకుల సంఘం అతన్ని తొలగించింది, అతని వేడుకలకు వేదికైన అలామో డ్రాఫ్ట్‌హౌస్ సంబంధం తెంచుకున్నది, కేపోన్ వంటి సహచరులు సైటు విడిచారు. నన్ను బాధించేది ఒకటి. రాతలో హద్దు మీరినప్పుడల్లా 'వాడంతే, వాడి తీరే అంత' అని నవ్విన అలవాటు, నడతలో హద్దు మీరినప్పుడు కూడా పనికొచ్చింది. 'తీరు' అన్న మాట కప్పలేని పాపం లేదు కాబోలు.

ఇదంతా ఆస్టిన్ గొడవ, మనకెందుకు అంటారా? ఇవాళ యూట్యూబులో తెలుగు సినిమా సమీక్షలు తెరిచి చూడండి. ఒకాయనది ప్రత్యేకమైన పలకరింపు, ఇంకొకాయనది ప్రత్యేకమైన నవ్వు, మరొకాయన కోపం నటిస్తే లక్షలమంది చూస్తారు. అమెరికాలో మొదటి ఆట ముగిసేలోపే తీర్పు వచ్చేస్తుంది. వారం తిరగకుండా అదే సమీక్షకుడు అదే దర్శకుడి పక్కన కుర్చీలో కూర్చుని ముచ్చట్లాడతాడు. ఆ సమీక్షల్లో ఒక్క సన్నివేశం ఎక్కడ మొదలై ఎక్కడ తెగిందో, ఎందుకు తెగిందో చెప్పినది ఉంటే దయచేసి నాకు చూపించండి. వెంటనే చూస్తాను.