మిస్కిటో రాజులు తోలుబొమ్మలేనా?



మధ్య అమెరికాలో, నేటి నికరాగువా, హోండురాసు దేశముల కరీబియను తీరమున మిస్కిటో జాతి కలదు. పదునేడవ శతాబ్దము నుండి 1894 వరకు వీరికి వంశపారంపర్యముగా రాజులుండిరి. ఆంగ్లేయుల పటములలో ఇది 'మస్కిటో తీరము' (దోమలను తలచుకొని నవ్వవలదు). వీరిని గూర్చి వ్రాసినవారిలో పెక్కురు, ఆంగ్లేయులాడించిన తోలుబొమ్మలని ఒక్క మాటతో కొట్టివేసిరి. నాకది సమ్మతము కాదు.

వారి వాదమునకు ఆధారము లేకపోలేదు. 1687లో జెరెమీ అను రాజు జమైకాకు పోయి, గవర్నరు నుండి టోపీని, అధికారపత్రమును పొందెనందురు. 1816, 1825, 1845లలో ముగ్గురు రాజులకు వరుసగా ఆంగ్లేయుల బెలీజులోనే పట్టాభిషేకము జరిగినది. వారిలో రెండవవాడగు రాబర్ట్ చార్లెస్ ఫ్రెడెరిక్ 1840లో వీలునామా వ్రాసి, తన పిల్లలు పెద్దవారగు వరకు రాజ్యభారమును బెలీజు సూపరింటెండెంటు మెక్డొనాల్డు మొదలగువారికి అప్పగించెను. ఇంతకన్న బొమ్మ యెవడని అడుగవచ్చును.

అయినను నాదొక ప్రశ్న. బొమ్మయే కావలసినచో, చెప్పినట్లు వినువానిని ఎవనినైనను కూర్చుండబెట్టవచ్చును గదా! 1842లో ఆ రాజు మరణించినపుడు, పదేండ్ల వాడగు అతని కుమారుడు జార్జ్ అగస్టస్ కొరకే ఏల ఆగవలసివచ్చెను? రాజరక్తము లేనివానిని జనులు అంగీకరింపరు కనుకనే అని నా తలంపు. కిరీటము ఆంగ్లేయులది, వంశము మాత్రము మిస్కిటోలదే. ఆ రాజుల వరుసను పరిశీలించిన మైకేల్ ఓలియన్ అను మానవశాస్త్రవేత్త కూడ 1983లో ఆ వారసత్వము వట్టి కల్పన కాదనియే వాదించెను.

పసివాని పేర రాజ్యము నడుపుటకు 1842లో ఆంగ్లేయులకు అడ్డులేకపోయెను. పన్నెండేండ్ల తరువాత, 1854లో, ఝాన్సీ దత్తపుత్రుడు మాత్రము వారికి వారసుడుగా కనబడలేదు! వారసత్వమన్న పదమునకు ఒక్కొక్క తీరమున ఒక్కొక్క అర్థము కాబోలు.

అన్నిటికన్న నన్ను ఒప్పించినది 1860 తరువాతి కథ. ఆ యేటి మనాగువా సంధితో ఆంగ్లేయులు తమ రక్షణను ఉపసంహరించుకొనిరి. రాజు 'వంశపారంపర్య నాయకుడు' అయ్యెను. దారము పట్టినవారు తప్పుకొన్నపుడు బొమ్మ కూలవలెను గదా! కూలలేదు. జార్జ్ అగస్టస్ 1864లో మరణింపగా, మేనల్లుడగు విలియం హెన్రీ క్లారెన్స్ అను బాలుని వారు నాయకునిగా నిలుపుకొనిరి. నికరాగువా ఎంత కాదన్నను ఆ వరుస మరి ముప్పది యేండ్లు సాగినది.

దానిని ఆపినది సైన్యము. 1894లో నికరాగువా ఆ ప్రాంతమును ఆక్రమింపగా, చివరి నాయకుడు రాబర్ట్ హెన్రీ క్లారెన్స్ దేశము విడిచిపోయెను. 1905లో బ్రిటను ఆ తీరముపై నికరాగువా సంపూర్ణాధిపత్యమును ఒప్పుకొన్నది. అతడు 1908లో ప్రవాసముననే మరణించెను, నాడు జెరెమీ టోపీ తెచ్చుకొన్న జమైకాలో.