గోడలకు పూత కాదు, రేగడికి తగ్గ పునాది కావాలి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. నల్లరేగడి పల్లెల్లో ఈ సామెతకు ఇంకో మాట కలపాలి. కట్టిన ఇంటిని నాలుగు ఎండాకాలాలు దాటించి చూడాలి. నంద్యాల జిల్లాలో కోయిలకుంట్ల, దొర్నిపాడు, ఉయ్యాలవాడ, సంజామల మండలాల రేగడి ఊళ్లలో కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకిన బీటలు, మూసుకోని తలుపులు, కుంగిన బండలు కొత్తేమీ కాదు. ఏటా బీటకు సిమెంటు పూయడం, మే నెల వచ్చేసరికి అది మళ్లీ నోరు తెరవడం మామూలైపోయింది. తప్పు బేల్దారిదని ఇంటివారు, ఇసుకదని బేల్దారి, సిమెంటుదని మరొకరు అనుకుంటున్నారు. గోడ కింద ఉన్న నేల సంగతి మాత్రం ఎవరికీ పట్టడం లేదు.

నిజానికి రేగడి గుణం రైతుకు తెలియనిది కాదు. వానకు ఉబ్బి కాలికి బంకలా అంటుకునే ఈ మట్టి వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. తేమను గట్టిగా పట్టి ఉంచుతుంది కనుకనే వానలు వెనకపట్టిన తర్వాత కూడా శనగ, జొన్న పండుతున్నాయి. పొలానికి మేలు చేసే ఆ గుణమే ఇంటికి కీడు చేస్తోంది. ఈ మట్టిలో మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం ఎక్కువ. అది అతి పలుచని రేకులుగా ఉంటుంది. రేకుల మధ్య నీరు చేరితే మట్టి ఉబ్బి పైకి లేస్తుంది. నీరు పోతే ముడుచుకొని కిందికి దిగుతుంది.

ఇంటి కింద నేలంతా ఒకేసారి, ఒకే ఎత్తున లేచి దిగితే ప్రమాదం లేదు. కాని అలా జరగదు. జాలాడి ఉన్న మూల ఏడాది పొడవునా తడిగా ఉంటుంది. వేపచెట్టు ఉన్న వైపు వేళ్లు తేమను లాగేస్తాయి. ఇంటి నడుమ నేల ఎండావానా తగలక ఒక తీరుగా ఉంటే, అంచులు వేసవిలో ముడుచుకొని వానాకాలంలో ఉబ్బుతాయి. ఒక మూల లేచి మరో మూల దిగితే మధ్యలో ఉన్న గోడ చీలక తప్పదు.

పాత మిద్దెలు ఓర్చుకున్నాయి

తాతల నాటి మిద్దెలు ఇదే నేలలో ఎలా నిలిచాయని కొందరు అడుగుతారు. ఆ మిద్దెల్లో చాలావాటికి పైకప్పు బరువును కొయ్య స్తంభాలు, దూలాలు మోసేవి. మట్టితో పేర్చిన రాతిగోడ కాస్త కదిలినా సర్దుకునేది. పగిలిన చోట మట్టి మెత్తి అలికితే సరిపోయేది. ఇప్పటి ఇళ్లలో ఇటుక గోడల మీదనే స్లాబు బరువంతా కూర్చుంటుంది. సిమెంటు గోడ గట్టిదే, కాని వంగదు. వంగనిది విరుగుతుంది. కట్టడం మారింది గాని పునాది తీసే పద్ధతి మారలేదు. మూడు నాలుగు అడుగులు తవ్వి, రాయి పేర్చి, పైకి లేపడమే నేటికీ సాగుతోంది. రేగడిలో తేమ మార్పులు సుమారు మూడున్నర మీటర్ల లోతు దాకా, అంటే 11 అడుగులకు పైగా ఉండవచ్చు. నాలుగు అడుగుల పునాది అంటే కదిలే నేల మీద ఇల్లు పెట్టినట్టే.

ముందు నీటికి దారి చూపాలి

ఊళ్లలో వేస్తున్న సిమెంటు రోడ్లు ఈ బాధను పెంచుతున్నాయి. పాత రోడ్డు మీదనే కొత్త రోడ్డు వేయడంతో వీధి ఎత్తయి ఇళ్లు పల్లమవుతున్నాయి. పక్క కాలువ లేని వీధిలో వాననీరు గోడ మొదట్లో నిలుస్తుంది. కొళాయి కింద కారే నీరు, గోడకు ఆనించి తవ్విన మరుగుదొడ్డి గుంతలు, పెరట్లో వదిలే వాడుక నీరు దీనికి తోడు. రోడ్డు బిల్లు అయిందా లేదా అని చూసే పంచాయతీలు, ఆ రోడ్డు నీరు ఎటు పోతుందో కూడా చూడాలి. కాలువ తర్వాతే రోడ్డు అన్న నియమం రేగడి ఊళ్లలోనైనా పాటించాలి.

బీటలు వచ్చిన ఇంటికి మొదటి మరమ్మతు గోడ మీద కాదు, గోడ చుట్టూ చేయాలి. ఇంటి చుట్టూ ఐదారు అడుగుల వెడల్పున గరుసు తోలి, తడిపి, దిమ్మిస కొట్టి, నీరు బయటికి జారేలా వాలు పెట్టి నాపరాళ్లు పరవాలి. బేతంచెర్ల, బనగానపల్లె గనులున్న జిల్లాలో నాపరాయికి కరువు లేదు. రాళ్ల సందులు మూయాలి. గోడకూ బండకూ మధ్య సందును సిమెంటుతో బిగించకుండా తారుతో నింపితే, నేల కాస్త కదిలినా అక్కడ పగలదు. కారే గొట్టాలు బాగుచేయాలి. జాలాడి నీటిని కాలువలోకి పంపాలి. గోడ పక్కన కొత్తగా చెట్లు పెట్టరాదు. అలాగని పెరిగిన చెట్టును ఒక్కసారిగా కొట్టివేయడమూ మంచిది కాదు. అది తాగే తేమ నేలలోనే ఉండిపోయి మట్టి ఉబ్బుతుంది.

ఆ తర్వాత బీటను ఒక ఏడాది గమనించాలి. బీట రెండు కొసల వద్ద గీత గీసి తేదీ రాయాలి. బీటకు అటొకటి, ఇటొకటి మేకు కొట్టి, నెలకొకసారి వాటి మధ్య దూరం కొలవాలి. వేసవిలో పెరిగి వానాకాలంలో తగ్గితే అది నేల ఊపిరి. నీటిని అదుపు చేసి, బిరుసు సిమెంటుకు బదులు సున్నం కలిపిన మెత్తని పాళ్లతో పూడిస్తే చాలావరకు కుదురుకుంటుంది. కాలంతో పని లేకుండా ఒకే తీరుగా పెరుగుతుంటే పునాది కుంగుతున్నట్టు. వేలు దూరేంత బీట పడినా, గోడ ఒరిగినా ఆ గదిలో పడుకోరాదు. ఇంజనీరును పిలవాలి. పునాది కింద కొత్త కాంక్రీటు వేయవలసి వస్తే గోడ పొడవునా ఒకేసారి తవ్వరాదు. నాలుగైదు అడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి, నింపి, గట్టిపడిన తర్వాతే పక్క ముక్క ముట్టుకోవాలి. తొందరపడితే గోడ మీద పడుతుంది.

కొత్త ఇళ్లకు విద్య ఉంది

రేగడికి తగిన పునాది ఎప్పుడో వచ్చింది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తు ఉండే పైల్ పునాదిని దశాబ్దాల క్రితమే రూపొందించింది. చేతితో తిప్పే బర్మాతోనే మూడున్నర మీటర్లు తవ్వి, అడుగున గుంతను వెడల్పు చేసి, కమ్మీలు పెట్టి కాంక్రీటు పోస్తారు. ఆ ఉబ్బెత్తు కదలని నేలలో కూర్చొని ఇంటిని పట్టి ఉంచుతుంది. వాటి మీద వేసే బీము నేలకు తగలకుండా సుమారు 3 అంగుళాల ఖాళీ వదులుతారు. మట్టి ఉబ్బినా ఆ ఖాళీలోనే ఉబ్బుతుంది. దీనికి ఐఎస్ 2911 మూడో భాగం ప్రమాణాలు ఉన్నాయి. బొంబాయి ఐఐటీ ఆచార్యుడు ఆర్.కె. కట్టి రేగడి మీద ఉబ్బని జిగట గరుసు మట్టిని మీటరు మందాన దిమ్మిస కొట్టి పరిస్తే ఉబ్బు అణుగుతుందని చూపారు. ఉత్త ఇసుక నింపడం దానికి సాటి రాదు. ఇసుకలోకి దిగిన నీరు గుంతలో తొట్టిలా నిలుస్తుంది.

నేల ఎంత ఉబ్బుతుందో తెలుసుకోవడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఎండబెట్టి సన్నగా జల్లించిన మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు కొలగాజు గొట్టాల్లో పోసి, ఒకదానిలో నీరు, మరొకదానిలో కిరోసిన్ పోసి ఒక రోజు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. అందులో 10 మిల్లీలీటర్ల వద్ద ఉన్న మట్టి నీటిలో 20 వద్దకు చేరితే ఉబ్బు 100 శాతం. 50 శాతం దాటితే జాగ్రత్త పడాలి, 100 దాటితే ప్రమాదకరం అని ప్రమాణాలు చెబుతున్నాయి.

సాయం లెక్కలో నేల ఏది?

విద్య ఉన్నా పేదవాడి ఇంటికి అది చేరడం లేదు. 2016లో మొదలై, 2029 మార్చి వరకు పొడిగించిన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ పథకంలో మైదాన ప్రాంతపు ఇంటికి 1.20 లక్షలు, కొండ ప్రాంతాలకు 1.30 లక్షల రూపాయల సాయం నిర్ణయించారు. కొండ మీద కట్టడం కష్టమని గుర్తించిన వారు రేగడి కష్టాన్ని లెక్కలోకి తీసుకోలేదు. గట్టి గరప నేలలో కట్టేవానికీ, రేగడిలో కట్టేవానికీ ఒకటే మొత్తం. రేగడిలో పునాదికే డబ్బులు కరిగిపోతే మిగతా గోడలకు వడ్డీకి తేవలసిందే. లేదంటే పునాది తగ్గించి, ఆ తర్వాత ఏటా బీటలు పూడ్చుకోవలసిందే. రెండు విధాలా నష్టపోయేది కూలినాలి చేసుకొని బతికేవారే.

ఇలాంటి పునాదికి ఖర్చు ఎక్కువవుతుందన్న మాట కొట్టిపారేయలేం. కాని ప్రభుత్వ సొమ్ముతో కట్టిన ఇల్లు నాలుగేళ్లకే బీటలు వారితే ఆదా అయింది ఏమీ లేదు. ఒక కాలనీలో ఇళ్లన్నిటికీ ఒకేసారి గుంతలు తవ్విస్తే ఇంటికి పడే ఖర్చూ తగ్గుతుంది. బర్మాలను గృహనిర్మాణ శాఖ మండలానికి ఒకటి రెండు చొప్పున ఉంచి అద్దెకు ఇవ్వవచ్చు. బేల్దారులకు ఈ పని నేర్పితే ఊళ్లోనే వారికి ఉపాధి దొరుకుతుంది.

కనుక అధికారులు మూడు పనులకు పూనుకోవాలి. ముగ్గు పోసే ముందే ఇంజనీరింగ్ అసిస్టెంట్ల చేత ప్రతి స్థలంలో మట్టి ఉబ్బు పరీక్ష చేయించి ఫలితాన్ని లబ్ధిదారునికి కాగితం మీద ఇవ్వాలి. ఉబ్బు ఎక్కువున్న చోట పునాదికి అదనపు సాయం మంజూరు చేయాలి. ఉన్న ఇళ్ల చుట్టూ నీరు నిలవకుండా వీధి కాలువలు తీయించాలి. ప్రజాప్రతినిధులు ఈ మాటను జిల్లా సమావేశంలో లేవనెత్తాలి. రాబోయే వేసవిలో పునాదులు తీసే కుటుంబాలకైనా ఈ మేలు అందాలంటే ఆ పరీక్షలు ఇప్పుడే మొదలు కావాలి.