పాత కాంటెస్సాకు పెద్ద ఇంజిన్ వేయిస్తున్నారా? ముందు ఆర్సీ చూసుకోండి

పాత కాంటెస్సా ఒకటి కొన్నారనుకుందాం. బాడీ గట్టిగానే ఉంది, ఇంజిన్‌లోనే దమ్ము లేదు. ‘పెద్ద ఇంజిన్ దించేద్దాం సార్, బండి ఎగిరిపోద్ది’ అంటాడు మెకానిక్. యూట్యూబ్‌లో అలాంటి వీడియోలు బోలెడు. డబ్బులు పెడితే గ్యారేజీలో పని అయిపోతుంది. చిక్కు మొదలయ్యేది ఆర్సీ దగ్గరే.

కంపెనీలే ఇలా చేశాయి కదా?

చేశాయి. హిందుస్తాన్ మోటార్స్ 1984లో కాంటెస్సాను తెచ్చినప్పుడు అందులో అంబాసిడర్‌లో వాడే 1489 సీసీ ఇంజినే ఉండేది. అంత పెద్ద కారుకు అది చాలలేదు. తర్వాత జపాన్ కంపెనీ ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్‌తో కాంటెస్సా క్లాసిక్ వచ్చింది. బ్రిటన్‌లో ఎంజీబీ స్పోర్ట్స్ కారుదీ ఇదే కథ. కెన్ కాస్టెల్లో అనే ఆయన సొంతంగా అందులో 3.5 లీటర్ల రోవర్ వీ8 ఇంజిన్ బిగించి అమ్మారు. ఆ తర్వాత 1973లో కంపెనీయే ఎంజీబీ జీటీ వీ8ను మార్కెట్లోకి తెచ్చింది.

మరి మనం చేస్తే తప్పేంటి? ఇప్పుడు మన దేశంలో కొత్త మోడల్ అమ్మాలంటే పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు నమూనా వాహనాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. గ్యారేజీలో మార్చిన బండికి ఆ పరీక్షలేవీ ఉండవు. వేగం పెరుగుతుంది కానీ, బ్రేకులు, సస్పెన్షన్ పాత ఇంజిన్‌కు తగ్గట్టు చేసినవే ఉంటాయి.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. ఇంజిన్ నంబరు, సీసీ, ఇంధనం అన్నీ ఆర్సీలో ఉంటాయి. తయారీదారు ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కుదరదని 2019 జనవరిలో కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

అంటే 1489 సీసీ కాంటెస్సాలో 1.8 లీటర్ల ఇంజిన్ పెట్టినా ఇబ్బందే. కారు పేరు ఒకటే అయినా ఇంజిన్ రకం వేరు, సీసీ వేరు. ఆ తీర్పు తర్వాత దీన్ని ఆర్టీఏ ఆమోదించే దారి మూసుకుపోయినట్లే.

శిక్ష సంగతి? 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

అసలు దెబ్బ ఎక్కడ?

బీమా దగ్గర. కార్ల థర్డ్ పార్టీ ప్రీమియం సీసీని బట్టి ఉంటుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ కార్లకు ఏడాదికి రూ.3,416, 1500 సీసీ దాటితే రూ.7,897. మీరు 1489 సీసీ అని కట్టి 1.8 లీటర్ల ఇంజిన్‌తో తిరుగుతుంటే, కంపెనీకి చెప్పిన బండి ఒకటి, రోడ్డు మీద ఉన్నది మరొకటి. ప్రమాదం జరిగాక సర్వేయర్ వచ్చి ఇంజిన్ నంబరు చూస్తే విషయం బయటపడుతుంది. మీ కారు డ్యామేజీ క్లెయిమ్‌ను తిరస్కరించడానికి కంపెనీకి కారణం దొరుకుతుంది. ఎదుటివారు గాయపడితే ఇంకా ప్రమాదం. బాధితులకు ముందు కంపెనీ చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని నుంచి వసూలు చేసుకోవాలని కోర్టు ఆదేశించే అవకాశం ఉంది. ఆ భారం మీ ఇంటి మీద పడుతుంది.

ఇప్పటిదాకా ఎవరూ ఆపలేదు కదా అనుకోవద్దు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. అప్పుడు బండిని ఇన్‌స్పెక్టర్‌కు చూపించాల్సిందే. నంబర్లు కలవకపోతే దొంగ ఇంజిన్ అన్న అనుమానం కూడా వస్తుంది.

మరి ఏం చేయొచ్చు?

• పాత ఇంజిన్ పాడైతే అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ వేయించుకోవచ్చు. పని మొదలుపెట్టే ముందే ఆర్టీఏ అనుమతి తీసుకోండి. మార్చిన 14 రోజుల్లోగా తెలియజేసి కొత్త నంబరును ఆర్సీలో ఎక్కించుకోండి.

• ఇంజిన్ కొన్న బిల్లు తప్పనిసరిగా దాచుకోండి. సెకండ్ హ్యాండ్‌ది అయితే అది ఏ బండిదో తెలిపే కాగితాలూ అడగండి.

• కారు మీద లోన్ ఉంటే ఫైనాన్స్ కంపెనీ రాతపూర్వక అంగీకారం కావాలి.

• సీఎన్‌జీ, ఎల్‌పీజీ, ఎలక్ట్రిక్ కిట్లకు చట్టంలోనే వెసులుబాటు ఉంది. ఆమోదం ఉన్న కిట్‌నే బిగించి ఆర్సీలో నమోదు చేయించాలి.

• ఏ మార్పు చేసినా బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ పనికొస్తుందా?

ఇక్కడా దారి లేదు. 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనాలకే వింటేజ్ హోదా. ఇంజిన్, ఛాసిస్, బాడీలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది. నంబర్ ప్లేటులో ‘వీఏ’ అక్షరాలు ఉంటాయి. రోజువారీ అవసరాలకు ఆ బండి తిప్పకూడదు. మొదటి కాంటెస్సాలకు 2034లో 50 ఏళ్లు నిండుతాయి. ఈరోజు ఇంజిన్ మార్చేస్తే అప్పుడు ఆ హోదా కూడా చేజారుతుంది.

ఇప్పటికే ఎవరో ఇంజిన్ మార్చిన పాత కారును కొనబోతున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు బానెట్ తెరిపించండి. ఇంజిన్ మీద చెక్కిన నంబరును ఆర్సీతో పోల్చి చూడండి. కలవకపోతే, అమ్మే వ్యక్తే ముందు ఆర్టీఏలో సరిచేయించుకుని రావాలని చెప్పండి. బండి మీ పేరు మీదకు మారాక ఆ తలనొప్పి మీదే.